కింద పెట్టిన కాఫీ కప్పు

వాదీ రిష్,
మార్చి నెలాఖరు

అక్కా,

సలాం. నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మేం బాగోలేం. ఉత్తరంలో మొదట బాగున్నామని రాయడం మర్యాద అని నాకూ తెలుసు. ఆ మర్యాద నాకిప్పుడు చేతకావడం లేదు.

మన బాబాయి కొడుకు నాయిఫ్ తన రిసార్టు కోసం ఉమ్ రిష్ బావి చుట్టూ గోడ కట్టేశాడు. తాత తవ్విన బావి, నాన్న ప్రతి ఏడూ దిగి పూడిక తీసిన బావి. గోడకి గులాబీ రంగు, గోడలో ఒక గేటు, గేటుకి తాళం, తాళం పక్కన ఒక కాపలావాడు. "ఇది రిసార్టు అతిథులు తిరిగే చోటు, ఒంటెలు రాకూడదు" అన్నాడు వాడు. ఏ ఊరివాడివిరా అంటే ఇర్బిద్ అన్నాడు. ఎక్కడో ఉత్తరాన ఇర్బిద్ నుంచి దిగినవాడు నన్ను మా తాత బావి దగ్గర ఆపుతున్నాడు, చూశావా!

మందని ఎర్రగుట్ట అవతలి బావికి తోలుతున్నాను. పోవడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పడుతోంది. ఎండలు ముదిరితే చూడి ఒంటెలు ఈ నడక నడవలేవు. అమ్మేద్దామని నీ మరదలు హమ్దా అంటోంది. మఆన్ ఊరి బేరగాడు వచ్చి ఒంటెల పళ్ళు చూసి వెళ్ళాడు కూడా. బావి తెరుచుకోకపోతే వేసవిలోపే మంద పోతుంది. మంద పోతే నేను ఏమవుతానో నాకు తెలీదక్కా. నాయిఫ్ గేటు దగ్గర ఇంకో కాపలావాణ్ణి అవుతానేమో.

పెద్దవాళ్ళు అడుగుతారనుకున్నాను. నాయిఫ్ వాళ్ళని ఒక్కొక్కరినే రిసార్టుకి పిలిచి, మూడు రోజులు మేపి పంపిస్తున్నాడు. వాడి ఉప్పు తిన్న నోరు వాడి మీద లేస్తుందా? జురైద్ పెదనాన్న వెళ్ళేముందు "గోడ పగలగొట్టిస్తాను" అన్నాడు. తిరిగొచ్చి "రంగు మాత్రం బాగా కుదిరిందిరా" అంటున్నాడు.

నిన్ను కూడా పిలుస్తాడు. వెళ్ళకు. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని తిరిగింది నువ్వే కదా, అకబా వచ్చినప్పుడు నాలుగు చీవాట్లు పెట్టు.

నీ తమ్ముడు
ముత్లక్


అకబా,
ఏప్రిల్ మొదటి వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజే ఆ పుణ్యాత్ముడూ వచ్చాడు. ఒంటె తుమ్మితే నా వెనక దాక్కున్న నాయిఫ్, ఇప్పుడు చొక్కా జేబు మీద ఒంటె బొమ్మ కుట్టించుకున్నాడు. మిఠాయి పెట్టె తెచ్చాడు. పక్కింటి పిల్లలకి పంచేశాను.

"బావి సంగతేంట్రా?" అన్నాను కూర్చోకముందే.

"దాన్ని బావి అనకక్కా. వారసత్వ ప్రదేశం అంటున్నాం మేం."

"వారసులు ఒంటెల్ని పట్టుకుని గేటు బయట నిలబడ్డార్రా, సిగ్గులేనోడా."

నవ్వాడు. అమ్మాన్‌లో పళ్ళు తెల్లగా చేయించుకున్నాడట, అవన్నీ చూపించాడు. "ముత్లక్ అన్న ఇంకా నాన్నగారి కాలంలోనే ఉన్నాడక్కా. ఒంటెల్ని నాకు అమ్మేయమను, అతిథులు ఎక్కడానికి పెట్టుకుంటా. అన్నకి జీతం కూడా ఇస్తా." నీకు జీతమట! పేనుకి పెత్తనం ఇస్తే తలంతా కొరికిందని ఊరికే అన్నారా?

బతిమాలి చూశాను, తిట్టి చూశాను. వాడు విననట్టు కూర్చుని, పోతూ పోతూ తన రిసార్టులో మూడు రోజులు ఉండి వెళ్ళమని పిలిచాడు. ఆలోచిస్తానన్నాను. నువ్వు వెళ్ళొద్దన్నావు గనక ఇంకాస్త ఎక్కువ ఆలోచిస్తున్నాను.

ఒక్క సంగతి రాయి. మన తెగ తీర్పరి సలామా పెద్దాయన ఎలా ఉన్నాడు? చెవులు వినబడుతున్నాయా? ఆయన మాటకి లోయలో ఇంకా విలువ ఉందా, అదీ అమ్ముడుపోయిందా?

అక్క
అల్యా


నాయిఫ్ రిసార్టు,
ఏప్రిల్ చివర

ముత్లక్,

పై పేరు చూసి ఉత్తరం చింపేయకు. అవును, వచ్చాను. నువ్వు గుట్ట అవతల ఉన్నావట, ఊడ్చే కుర్రవాళ్ళు చెప్పారు. వాళ్ళ పని ఏమిటో తెలుసా? పొద్దున్నే దారుల మీద పడిన ఇసుక ఊడవడం. ఎడారిలో! గాలి మళ్ళీ పోస్తుంది, వాళ్ళు మళ్ళీ ఊడుస్తారు.

నాకో డేరా ఇచ్చారు. గుడ్డ డేరాయే, కానీ లోపల చెక్క నేల, చలిపుట్టే యంత్రం, తెల్ల పింగాణీ స్నానాల తొట్టి. మన అమ్మ చేత్తో నేసిన డేరా చూస్తే వీళ్ళకి జాలేసేది. ఎలాంటి దిండు కావాలో ఎంచుకోమని ఒకమ్మాయి వచ్చి అడిగింది. బాతు ఈకలదట, గోధుమ పొట్టుదట. "నాకు మోచేయి చాలమ్మా" అన్నాను. పైకప్పులో ఒక గాజు కిటికీ, పడుకుని నక్షత్రాలు చూడడానికి. తోటలో దీపాలు ఎంత వెలిగించారంటే ఒక్క చుక్కా కనబడదు. ఈ లోకంలో చుక్కలు కనబడని డేరాకి డబ్బు తీసుకునేవాడు మన వంశంలోనే పుట్టాలా?

ఈత కొలను ఎంత పెద్దదో రాయను. భోజనం గురించీ రాయను, నీకు కోపం వస్తుంది.

కానీ గురువారం సాయంత్రం జరిగింది రాయకుండా ఉండలేను. దాన్ని "బదూ సాయంత్రం" అంటారు, అంటే మన ఎడారివాళ్ళ పద్ధతి చూపించడమట. నాయిఫ్ బంగారు అంచు అంగీ వేసుకుని మంట దగ్గర కూర్చుంటాడు. ఫ్రెంచి వాళ్ళూ జర్మన్ వాళ్ళూ చుట్టూ చేరతారు. అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన వడ్డించే కుర్రాడొకడు ఏదో కోరి వచ్చిన అర్థి వేషంలో వస్తాడు. నాయిఫ్ కాఫీ ఇస్తాడు. వాడు తాగకుండా కప్పు కింద పెట్టేస్తాడు. డప్పు మోగుతుంది. నాయిఫ్ చెయ్యెత్తి "నీ కాఫీ తాగు! ఏం కోరి వచ్చావో అది నీదే!" అని అరుస్తాడు. కుర్రాడు "గుర్రం కావాలి" అంటాడు. ఒక చెక్క గుర్రం తెస్తారు. అందరూ చప్పట్లు.

ముత్లక్, నాన్న దగ్గరికి ఆ ఎర్రగడ్డం మనిషి వచ్చిన రోజు నీకు గుర్తుండదు, చిన్నవాడివి. వాళ్ళ తెగవాడి చేతిలో మన మేనమామ చచ్చిపోయాడు. ఆ మనిషి మన డేరాలో కూర్చుని, కప్పు ముట్టకుండా నేల మీద పెట్టాడు. క్షమాపణ కోరి వచ్చాడని అందరికీ తెలుసు. నాన్న ముఖం పాలిపోయింది. కప్పులో కాఫీ చల్లారిపోతోంది, డేరాలో ఒక్కరూ కదలలేదు. చాలాసేపటికి నాన్న "తాగు" అన్నాడు. తాగమన్నాక కోరింది ఇచ్చి తీరాలి, ఆ ఒక్క మాటతో పగ అయిపోయింది. అమ్మ తన తమ్ముడి కోసం రాత్రంతా ఏడ్చింది గానీ నాన్నని పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మాటని ఈ సన్నాసి వారం వారం చెక్క గుర్రానికి అమ్ముతున్నాడు.

మూడు రోజులు ఉండమన్నాడు. పై గురువారం దాకా ఉంటానన్నాను. వాడి ముఖం నువ్వు చూడాల్సింది.

అల్యా


ఎర్రగుట్ట అవతలి బావి,
మే మొదటి వారం

నాయిఫ్ గారి విశిష్ట అతిథి, శ్రీమతి అల్యా గారికి,

తమరి లేఖ అందింది. తమరు చల్లటి డేరాలో పింగాణీ తొట్టిలో క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషించాం. దిండు విషయం మాత్రం బాధ కలిగించింది. బాతు ఈకలదే తీసుకోవలసింది. రేపు నాయిఫ్ గారు బావి మీద పందిరి వేసి మమ్మల్ని కూడా బొమ్మలుగా కూర్చోబెట్టినప్పుడు, ఆ దిండు మీద ఆనుకుని చూద్దురు గాని.

భోజనం గురించి రాయనన్నారు. ఎందుకండీ మొహమాటం? జురైద్ పెదనాన్న ఎనిమిది రకాల మాంసం అన్నాడు, తమకి పది పెట్టి ఉంటారు. మూడు రోజులు చాలక వారం ఉండిపోయారంటే రుచి కుదిరినట్టే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి కథ విన్నాను గానీ, ఆ నిప్పడిగింది సొంత అక్క అవుతుందని వినలేదు.

ఇక్కడి కబుర్లు. నల్ల ఒంటె నెలలు నిండకుండానే దారిలో ఈచుకుపోయింది. పిల్ల మగది. ఇసుకలో పూడ్చాం. తల్లి ఆ చోటు వదిలి కదలదు, దాన్ని లాక్కురావడానికి హమ్దా నేనూ సగం పగలు పట్టాం. మఆన్ బేరగాడికి కబురు పెట్టాను. నెల గడవకముందే లారీ తెస్తాడు.

సలామా పెద్దాయన సంగతి అడిగారు. చెవులు బాగానే వినబడుతున్నాయి. ఈ గురువారం ఆయన్ని కూడా నాయిఫ్ పిలిచాడు, ఆయన వస్తానన్నాడు. అమ్ముడుపోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చప్పట్లు కొట్టండి.

ఇక నాకు రాయొద్దు.

ముత్లక్

వదినా, నేను హమ్దాని. ఉత్తరం అంటించే ముందు ఆయన చూడకుండా ఈ ముక్క రాస్తున్నా. పిల్ల ఒంటెని పూడ్చిన రోజు ఆయన పిల్లాడిలా ఏడ్చాడు. మీరు అలాంటివారు కాదని నేనంటే నన్ను కసిరాడు. నిజంగా కాదు కదా వదినా?


అకబా,
మే రెండో వారం

తమ్ముడూ, మూర్ఖుడా,

రాయొద్దన్నావు. రాస్తాను. నీ తిట్లు చాలా బాగున్నాయి, రెండుసార్లు చదువుకున్నాను. ముందు హమ్దాకి జవాబు: కాదమ్మా, కాదు.

నేను అకబా నుంచి బయల్దేరేటప్పుడు ఒక సంచి నిండా నిప్పుల్లో కాల్చిన రొట్టె, ఖర్జూరాలు, మా ఇంటి కుళాయి నీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళాను. రిసార్టులో ఉన్నన్నాళ్ళూ వాడి మెతుకు ముట్టలేదు, వాడి నీళ్ళు తాగలేదు. పళ్ళేల నిండా మాంసం వస్తే "పొట్ట బాగోలేదు" అని తిప్పి పంపాను. చివరి రోజుల్లో రొట్టె రాయిలా అయిపోయింది, నీళ్ళలో నానబెట్టి మింగాను. దిండ్లమ్మాయి చూసి జాలిపడి వైద్యుణ్ణి పిలుస్తానంది. స్నానం మాత్రం చేశాను. స్నానానికి ఉప్పు లెక్క లేదు.

ఎందుకని అడుగుతావేం? అడగడానికి వెళ్ళినవాడు అడిగేదాకా ఆ ఇంట్లో ఏదీ నోట పెట్టకూడదు. తింటే నోరు మూసుకోవాలి. ఈ చిన్న సంగతి జురైద్ పెదనాన్నకి తట్టలేదు, నీకూ తట్టలేదు. నీకు ముందే చెబితే హమ్దాకి చెబుతావు, హమ్దా చెల్లెలికి చెబుతుంది, ఆ చెల్లెలి మొగుడు నాయిఫ్ కారు నడుపుతాడు. అందుకే చెప్పలేదు.

గురువారం సాయంత్రం సలామా పెద్దాయన వచ్చి మంటకి కుడివైపు కూర్చున్నాడు. నేను ఆయన ఎదుట కూర్చున్నాను. నాయిఫ్ అంగీ సర్దుకుని, పెద్దల ముందు గొప్పకి, మొదటి కప్పు నాకే పోసి ఇచ్చాడు. అతిథులకి వాళ్ళ భాషలో "మా అక్క, మా వంశానికి తల్లి" అని చెప్పాడట. నేను కప్పు అందుకున్నాను. తాగలేదు. నేల మీద పెట్టాను.

అలెగ్జాండ్రియా కుర్రాడు కంగారుపడి నా చెవిలో "అమ్మా, అది నా వంతు" అన్నాడు. డప్పువాడికి ఆ తేడా తెలీదు, మోగించేశాడు. అతిథులు కెమెరాలు ఎత్తారు. నాయిఫ్ నన్ను చూసి నవ్వాడు. ముసలిది ఆటలో కలిసిందని మురిసిపోయాడు. వారం వారం చెప్పే మాటే కదా, నోరు దానంతట అదే తెరుచుకుంది. చెయ్యెత్తి అరిచాడు: "నీ కాఫీ తాగక్కా! ఏం కోరి వచ్చావో అది నీదే!"

బుద్ధి ఉన్నవాడు ఎవడైనా ముందు ఏం కావాలని అడుగుతాడు. నాన్న అంతటివాడు ఆ మాట అనడానికి అంతసేపు ఆలోచించాడు. వీడు ఆటలో అలవాటైపోయి అడక్కుండా ఇచ్చేశాడు.

నేను సలామా పెద్దాయన వైపు తిరిగి అందరికీ వినబడేలా చెప్పాను. "ఉమ్ రిష్ బావి నీళ్ళు. మా ముత్లక్ మందకి. ఇవాళా, ఎప్పటికీ." చెప్పి కప్పెత్తి గటగటా తాగేశాను. ఇన్ని రోజుల తర్వాత వేడి కాఫీ కదా, నాలుక కాలింది.

అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాయిఫ్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

తర్వాత వంటశాల వెనక నన్నూ సలామా పెద్దాయన్నీ పట్టుకున్నాడు. "అక్కా, అది ఆట!"

"నీకు ఆట."

"ఆడవాళ్ళు కప్పు పెట్టడం ఎక్కడైనా ఉందా? నువ్వే చెప్పు పెద్దాయనా!"

సలామా పెద్దాయన కర్ర ఆనించుకుని తాపీగా అన్నాడు. "కప్పుకి ఆడా మగా ఏంట్రా? ఆమె పెట్టింది. నువ్వు తాగమన్నావు. ఆమె తాగింది. అయిపోయింది." ఆయన కూడా ఆ సాయంత్రం ఏమీ ముట్టలేదని అప్పుడు గమనించాను. నీ ఉత్తరంలో ఆయన్ని కూడా నువ్వు అమ్మేశావు కదూ!

ఆదివారం గేటు తెరుస్తానని నాయిఫ్ ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాడు. మందని తోలుకెళ్ళు. లారీ వాణ్ణి రావొద్దను.

అల్యా


వాదీ రిష్,
మే మూడో వారం

అక్కా,

నీ ఉత్తరం హమ్దా పైకి చదివింది. నేను డేరా బయట కూర్చుని విన్నాను, లోపలికి వచ్చే ముఖం లేక. నన్ను మూర్ఖుడన్నావు, చాలా తక్కువ అన్నావు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

గేటు తెరిచారు. మందని తోలుకెళ్ళాను. బావి చూసి ఒంటెలు మెడలు చాచి పరుగెత్తాయి. గిలకకి కొత్తగా వార్నిష్ పూశారు. చాంతాడు కట్టి చేద వదిలాను. టప్పుమని పొడి చప్పుడు. పైకి లాగితే చేద నిండా తడి ఇసుక.

ఎండిపోయిందక్కా. బావి పక్కనే లోతుగా గొట్టం దింపి మోటారు పెట్టారట. ఆ ఇర్బిద్ వాడే జాలిపడి చెప్పాడు, పాపం మంచివాడే. నీళ్ళన్నీ ఈత కొలనుకీ, తోటకీ, ఆఫీసు ముందర రాతి ఫౌంటెన్‌కీ పోతున్నాయి. ఒంటెలు అంచు చుట్టూ మూగి ఆ గోతిలోకి చూస్తూ నిలబడ్డాయి.

నాయిఫ్ వచ్చాడు. "అన్నా, నేను మాట తప్పలేదు. బావి నీకిచ్చాను. నీళ్ళు లేకపోతే దేవుడి ఇష్టం" అన్నాడు. వాడి చేతిలో ఐస్ వేసిన నిమ్మరసం గ్లాసు ఉంది.

నువ్వు అంత కష్టపడ్డావు. రాయిలాంటి రొట్టె తిన్నావు. కానీ ఇంక ఏముంది? శనివారం మఆన్ లారీ వస్తుంది. మందని ఎక్కించేస్తాను. కోపం కూడా రావడం లేదు, అలిసిపోయాను.

నీ తమ్ముడు


అకబా,
అదే వారం

ముత్లక్,

టూకీగా రాస్తున్నాను, ఈ ఉత్తరం తెచ్చే వ్యాన్ కదలబోతోంది.

బావి నీకిచ్చాడట! వాడొక్కడి సొమ్మా ఇవ్వడానికి? బావి మొదటినుంచీ మనదే, నేను అడిగింది బావి కాదు. ఏం అడిగానో ఆ మంట దగ్గర అందరూ విన్నారు. బావి నీళ్ళు అడిగాను. వాడు ఆ నీళ్ళని ఎక్కడికి మోసుకెళ్ళి పోసుకుంటే, నీ మంద అక్కడికి వెళ్ళి తాగుతుంది. సలామా పెద్దాయనకి కబురు చేశాను, ఆయన తీర్పు కూడా అదే. "నీళ్ళెక్కడో మందక్కడ" అన్నాడట.

ఈ తీర్పుకి మందతో పనుంది. శనివారం అది లారీ ఎక్కిందంటే నాయిఫ్ గెలిచినట్టే. లారీ వచ్చేలోపు లేచి తోలుకెళ్ళు. పెద్ద గేటు నుంచే వెళ్ళు. ఎవరికీ సలాం కొట్టకు.

అల్యా


వాదీ రిష్,
శనివారం సాయంత్రం

అక్కా,

తెల్లారగానే బయల్దేరాం, నేనూ హమ్దా. పెద్ద గేటు దగ్గర ఇర్బిద్ వాడు మమ్మల్ని చూసి, ఏమీ చూడనట్టు తల తిప్పుకుని బీడు భూమి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఊడ్చే కుర్రవాళ్ళు చీపుళ్ళు ఎత్తుకుని దారిచ్చారు. వాళ్ళు ఊడ్చిన దారి నిండా ఒంటె అడుగులే.

ముందు కొలను దగ్గరికి వెళ్ళాయి. మూతులు పెట్టి, ఆ మందుల కంపుకి తుమ్మి వెనక్కి తగ్గాయి. ఒక లావాటి ఆయన నీళ్ళలో ఉన్నాడు, అవి తుమ్మిన తుమ్ముకి తడిసి నవ్వుతూ బయటికొచ్చాడు. తర్వాత నల్ల ఒంటె మెడ తిప్పి ఆఫీసు వైపు నడిచింది. మిగతావి దాని వెనకే. ఫౌంటెన్ రాతి తొట్టి మీద వంగి తాగడం మొదలుపెట్టాయి. ఒంటె దాహం నీకు తెలుసు కదా. తొట్టి అడుగు కనబడింది. పైనించి చిమ్మే నీళ్ళని కూడా నాలుకలతో పట్టుకున్నాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, పోలీసులంటాడు, చట్టమంటాడు. పడుకున్న బట్టలతోనే నాయిఫ్ వచ్చాడు. అంగీ లేకపోతే వాడు చిన్నప్పటిలాగే ఉన్నాడక్కా, బక్కగా.

"ఏంటన్నా ఈ పని! పరువు తీస్తున్నావు!"

"నీ మాట ప్రకారమే వచ్చానురా. తాగమన్నది నువ్వే."

అతిథులంతా ఫోటోలు తీస్తున్నారు. ఆ గురువారం నీకు చప్పట్లు కొట్టి, నువ్వేం అడిగావో కుర్రాడి చేత చెప్పించుకున్న ఆడమనిషి ఒకామె అందులో ఉందట. ఆమె ముందుకొచ్చి ఏదో గట్టిగా అంది. అలెగ్జాండ్రియా కుర్రాడు మాకు చెప్పాడు: "ఆ పెద్దావిడ అడిగింది ఈ నీళ్ళేనా? మరి మీరు ఇచ్చానన్నారు కదా, ఇంకా గొడవెందుకు అంటోంది." నాయిఫ్ ఆమెకి నవ్వుతూ తలూపాడు. ఇంకేం చేస్తాడు? ఆ నవ్వు ముఖంతోనే నా దగ్గరికొచ్చి, పళ్ళ సందునుంచి అన్నాడు: "మోటారు ఆపించేస్తాను. నెలలో బావి ఊరుతుంది. అప్పటిదాకా కనీసం వెనక గేటు నుంచి రా అన్నా, నీకు దణ్ణం పెడతా."

"ఊరనీ, అప్పుడు చూద్దాం. అప్పటిదాకా పెద్ద గేటే మాకు దగ్గర" అన్నాను.

హమ్దా ఒంటెల మధ్యలోకి దూరి, చిమ్ముతున్న నీళ్ళు దోసిట పట్టి తాగింది. ఒక్క గుక్క తాగి ఆగిపోయింది. "మన నీళ్ళే" అంది. నేనూ తాగాను. ఆ కొంచెం ఉప్పు, ఆ ఇనుము వాసన, నాన్న చేదలోంచి పోసినవే. ఇద్దరం ఆ రాతి మెట్ల మీద కూర్చుని అంతమంది ముందూ ఏడ్చాం. సిగ్గు వేయలేదు.

మఆన్ లారీ వాడు మా డేరా దగ్గర ఎవరూ లేకపోతే అడుగులు పట్టుకుని రిసార్టుకే వచ్చాడు. లారీ వెనక తలుపు దింపి, ఎక్కిద్దామా అన్నాడు. తాగుతున్నాయి, కనబడటం లేదా అన్నాను. కాసేపు నిలబడి చూసి, తలుపు ఎత్తి గొళ్ళెం పెట్టి, ఖాళీ లారీతో మఆన్ వెళ్ళిపోయాడు.

నీ తమ్ముడు
ముత్లక్